జబాల ఇచ్చిన జవాబు

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలో సత్యకాముడనే పిల్లవాడికి చదువుకోవాలని కోరిక పుడుతుంది. గురువు గోత్రం అడుగుతాడని వాడికి తెలుసు. అందుకని ముందు తల్లిని అడుగుతాడు. జబాల దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. వయసులో ఉండగా పదిమందికీ ఊడిగం చేస్తూ తిరిగిన రోజుల్లో నువ్వు కడుపున పడ్డావు, నీ గోత్రమేదో నాకూ తెలియదు అంటుంది. అంతటితో ఊరుకోదు. నేను జబాలను, నువ్వు సత్యకాముడివి కాబట్టి సత్యకామ జాబాలుడినని చెప్పుకో అని పంపుతుంది. హారిద్రుమత గౌతముడి ఎదుట నిలబడి ఆ పిల్లవాడు తల్లి మాటను ఉన్నదున్నట్టు అప్పజెబుతాడు. సత్యం తప్పలేదని గౌతముడు మెచ్చి సమిధలు తెమ్మంటాడు. ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా మనం కొడుకు నిజాయితీని మెచ్చుకుంటాం, గురువు పెద్దమనసును మెచ్చుకుంటాం. తల్లి దగ్గర ఎక్కువసేపు ఆగం. బడి అడగబోయే ప్రశ్నకు సమాధానం లేని మనిషి ఆమె. అయినా తన దగ్గర ఉన్న ఒకే ఒక్క నిజాన్ని చేతిలో పెట్టి బిడ్డను చదువుకు పంపింది. ఆమె చేసిన పని బిడ్డ చదువులో పాలుపంచుకోవడం అవుతుందా, కాదా? సొంత దేశం పోగొట్టుకుని పరాయి దేశంలో పిల్లల్ని బడికి పంపుతున్న తల్లిదండ్రుల విషయంలో ఈ ప్రశ్న ఇవాళ ప్రాణమున్న ప్రశ్న. అవుతుందనే నేను నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో చెప్పడానికే ఈ వ్యాసం.

భూటాన్ దక్షిణ భాగంలో తరతరాలుగా నేపాలీ మాట్లాడుతూ బతికినవాళ్లను ల్హోత్షంపాలంటారు. దక్షిణాదివాళ్లని ఆ మాటకు అర్థం. వాళ్లలో ఎక్కువమంది హిందువులు. నారింజ తోటలు, ఏలకుల తోటలు పెంచిన రైతులు. 1985 పౌరసత్వ చట్టం, దాని వెనకే 1988లో వచ్చిన జనాభా లెక్కలు వాళ్ల కాళ్లకింద నేల లాగేశాయి. 1958 నాటికే ఈ దేశంలో ఉన్నామని కాగితం చూపించమన్నారు. ముప్ఫై ఏళ్లనాటి ఆధారం చూపలేనివాళ్లు పుట్టిన ఊళ్లోనే పరాయివాళ్లయ్యారు. 1989లో ఉత్తరాది వేషధారణ, మర్యాదలు అందరికీ తప్పనిసరి చేశారు. బడుల్లో నేపాలీ బోధన ఆపేశారు. నిరసనలు, అరెస్టులు, బలవంతపు వెళ్లగొట్టడాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. లక్షమందికి పైగా తూర్పు నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల్లో ఏడు శిబిరాలకు చేరారు. అక్కడ ఇంకా సరైన గూడు లేని రోజుల్లోనే వాళ్లలో చదువుకున్నవాళ్లు పిల్లల్ని ఆరుబయట కూర్చోబెట్టి పాఠాలు మొదలుపెట్టారు. ఆ తర్వాతే స్వచ్ఛంద సంస్థల సాయంతో వెదురు తడికల తరగతి గదులు లేచాయి. వెనక్కి వెళ్లే దారి తెరుచుకోకపోవడంతో 2008 నుంచి పెద్ద ఎత్తున ఎనిమిది దేశాలకు తరలింపు జరిగింది. అలా వెళ్లిన లక్షమందికి పైగా జనంలో అత్యధికులు అమెరికాకే చేరారు. పిట్స్‌బర్గ్, కొలంబస్, ఏక్రన్, హారిస్‌బర్గ్ వంటి ఊళ్లలో ఇవాళ వాళ్ల పిల్లలు చదువుకుంటున్నారు. ఈ చరిత్రలో బడి పక్కనుండి చూసిన సాక్షి కాదు. వాళ్ల భాషను బయటికి నెట్టిన చోట్లలో బడి ఒకటి. వాళ్లు చేతులారా నిలబెట్టుకున్న తొలి కట్టడాల్లోనూ బడి ఒకటి.

ఇలాంటి తల్లిదండ్రులను అమెరికా బడి ఏమడుగుతుంది? తల్లిదండ్రుల భాగస్వామ్యం అనే మాటకు అక్కడి విద్యారంగంలో బాగా స్థిరపడిన వివరణ జాయిస్ ఎప్‌స్టైన్ ఇచ్చింది. ఆమె ఆరు రకాలు చెప్పింది: పిల్లల పెంపకం, బడితో సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, బడి పనులకు స్వచ్ఛందంగా రావడం, ఇంట్లో చదివించడం, నిర్ణయాల్లో పాల్గొనడం, చుట్టూ ఉన్న సమాజంతో కలిసి పనిచేయడం. వివరణ విశాలమైనదే. కానీ బడికి పైకి కనబడేవీ, తేలిగ్గా లెక్కకొచ్చేవీ సమావేశానికి రావడం, సంతకం పెట్టడం, టీచర్‌కు జవాబు రాయడం. కొత్తగా దిగిన కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే తొలి విడత సాయం 90 రోజులది. ఆ వెంటనే పనిలో చేరాలి. దొరికేది గిడ్డంగిలోనో, మాంసం ప్యాక్ చేసే కర్మాగారంలోనో, హోటల్ గదులు శుభ్రం చేసేచోటో, తరచుగా రాత్రి షిఫ్టులో. సాయంత్రం ఆరింటికి బడిలో సమావేశమంటే అది తల్లి పనికి బయల్దేరే వేళ. దరఖాస్తులో పుట్టినతేదీ గడి ఉంటుంది. తేదీ రాసిపెట్టుకునే ఆచారం లేని ఊళ్లనుంచి వచ్చిన శరణార్థులెందరికో కాగితాల్లో జనవరి 1 అని పడిపోయింది. దీనికి తోడు గురువు మీద గౌరవం ఒకటుంది. బిడ్డను అప్పజెప్పాక గురువు పనిలో వేలుపెట్టడం మర్యాద కాదని నమ్మే సంస్కారం మనకు తెలియనిది కాదు. ఆ మర్యాదతోనే దూరంగా నిలబడ్డ తండ్రి, బడి రికార్డులో శ్రద్ధలేని తండ్రిగా మిగిలిపోతాడు.

రికార్డులో జరిగే ఈ పొరపాటు అడుగున ఇంకా లోతైన చిక్కు ఉంది. హిట్లర్ జర్మనీనుంచి పారిపోయి చివరికి అమెరికా చేరిన హన్నా ఆరెంట్, 1950ల్లో విద్య మీద రాసిన వ్యాసంలో పెద్దల అధికారానికి పునాది వెతికింది. పెద్దవాళ్లు పిల్లలకు ప్రపంచాన్ని పరిచయం చేస్తారు. ఆ ప్రపంచానికి తాము బాధ్యులమని ఒప్పుకుంటారు. ఆ ఒప్పుకోలులోనే వాళ్ల మాటకు విలువ ఉందని ఆమె వాదన సారం. వినడానికి సరిగానే ఉంటుంది. అయితే శరణార్థి తండ్రి ఏ ప్రపంచాన్ని పరిచయం చేయాలి? తాను బాధ్యత పడగలిగిన ప్రపంచం చేయి జారిపోయింది. ఎదుట ఉన్న ప్రపంచం గురించి అతనికంటే పన్నెండేళ్ల కూతురికే ఎక్కువ తెలుసు. బస్సు ఎక్కడ ఎక్కాలో, ఫోన్‌లో ఏం చెప్పాలో, ఉత్తరంలో ఏముందో ఆమే చెబుతుంది. అప్పుడు ఆ తండ్రికి బిడ్డ చదువులో మాట చెప్పే అర్హత దేనివల్ల వస్తుంది? తెలిసినవాళ్లకే మాట్లాడే హక్కు ఉంటుందనుకుంటే అతను పక్కకు తప్పుకోవాలి. చాలామంది అలాగే తప్పుకుంటున్నారు కూడా.

ఈ ప్రశ్నకు మన సంప్రదాయంలో నాకు రెండుచోట్ల వెలుగు కనబడుతుంది. మొదటిది తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి. చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడికి ఆచార్యుడు చెప్పే హితవు అందులో ఉంది. తల్లిని, తండ్రిని, ఆచార్యుణ్ణి, అతిథిని దైవంగా చూడమన్న మాట తెలుగింట అందరూ ఎరిగిందే. అయితే ఆ మాట చెబుతున్నది తల్లీ కాదు, తండ్రీ కాదు, గురువు అన్న సంగతి అంతగా పట్టించుకోం. తనకంటే ముందు తల్లిదండ్రుల్ని నిలబెట్టి, వాళ్లవైపు శిష్యుణ్ణి తిప్పి పంపుతున్నాడాయన. తల్లిదండ్రుల గౌరవాన్ని బిడ్డ మనసులో కాపాడటం గురువు పనిలో భాగమేనని దాని అర్థం. రెండోది బృహదారణ్యకంలో సంప్రత్తి అనే అప్పగింత. అంత్యకాలం వచ్చిందనుకున్న తండ్రి కొడుకును పిలిచి తన అధ్యయనాన్ని, తన యజ్ఞాన్ని, తన లోకాన్ని అప్పగిస్తాడు. కొడుకు వాటిని తనవిగా స్వీకరిస్తాడు. తండ్రి చేయకుండా వదిలేసింది ఏదైనా ఉంటే కొడుకు దానినుంచి అతణ్ణి విడిపిస్తాడని ఉపనిషత్తు అంటుంది. ఈ మాటను నేను కూతుళ్లకూ, తల్లులకూ కలిపే చదువుతాను. ఇక్కడ తండ్రి అర్హత అతనికి అన్నీ తెలుసునన్న దానిలో లేదు. అసంపూర్ణంగా మిగిలినది తన దగ్గర ఉందని ఒప్పుకోవడంలో ఉంది. ఆరెంట్ చెప్పిన బాధ్యతను ఇక్కడినుంచి చూస్తే శరణార్థి తండ్రి ఖాళీ చేతులతో లేడు. బిడ్డ ఎక్కడినుంచి వచ్చిందో, దారిలో ఏం పోయిందో, ఏం మిగిలిందో చెప్పగల సాక్షి అతనే. ప్రవాసం ఆ అప్పగింత వేళను ముందుకు లాగింది. సాధారణంగా ముసలితనంలో జరగాల్సింది బిడ్డ ఆరో తరగతిలో ఉండగానే మొదలవుతుంది. చదువులో తల్లిదండ్రుల భాగానికి నేను చూస్తున్న పునాది ఈ సాక్ష్యమే. దాన్ని స్వీకరించగలిగేలా తన ప్రశ్నల్ని మార్చుకోవడం బడి వంతు.

ఇది భావన మాత్రమేనని ఎవరైనా అనవచ్చు. అనుభవం కూడా ఇటే చూపుతోంది. న్యూ ఆర్లీన్స్ తూర్పు అంచున వెర్సాయ్ అనే పేటలో స్థిరపడ్డ వియత్నాం శరణార్థులను మిన్ జౌ, కార్ల్ బ్యాంక్‌స్టన్ అధ్యయనం చేసి 1998లో పుస్తకం ప్రచురించారు. ఆ పేట పేదది. తల్లిదండ్రుల్లో చాలామందికి ఇంగ్లీషు అంతంతమాత్రం, చదువు కూడా తక్కువే. అయినా వియత్నామీస్ చదవడం, రాయడం నిలుపుకుని, చర్చి చుట్టూ అల్లుకున్న తమ సమాజంతో ముడిపడి ఉన్న పిల్లలే బడిలోనూ బాగా రాణించారని వాళ్లు గమనించారు. వలస కుటుంబాల పిల్లలను మయామీ, శాన్ డియేగో ప్రాంతాల్లో ఏళ్లతరబడి పరిశీలించిన అలెహాంద్రో పోర్టెస్, రూబెన్ రుంబౌట్ 2001లో మరో సంగతి చెప్పారు. పిల్లలు కొత్త భాషలో దూసుకుపోయి తల్లిదండ్రుల భాషను వదిలేసినచోట ఇంట్లో పెద్దల మాటకు బలం పోతుంది, పిల్లలు దారితప్పే ప్రమాదం పెరుగుతుంది. రెండు భాషలూ నిలిచినచోట ఆ బలం మిగులుతుంది. అరిజోనాలోని టూసాన్‌లో లూయిస్ మోల్, ఆయన సహచరులు 1992లో చూపిన దారి ఇంకోటి. అక్కడ టీచర్లు మెక్సికన్ కార్మికుల ఇళ్లకు పాఠం చెప్పడానికి వెళ్లలేదు, నేర్చుకోవడానికి వెళ్లారు. సేద్యం, ఇల్లు కట్టడం, వ్యాపారం, నాటువైద్యం గురించి ఆ ఇళ్లలో ఉన్న తెలివిని తెచ్చి తరగతిలో పాఠాలు అల్లారు. ఏలకుల తోటకు ఎంత నీడ కావాలో, వాలునేలలో నీరు ఎలా మళ్లించాలో తెలిసిన ల్హోత్షంపా తాత ఒక విజ్ఞానశాస్త్ర పాఠానికి సరిపడా సంపన్నుడు. ఆయన్ను అడగాలన్న ఆలోచన బడికి రావాలి.

అడగకపోతే ఏమవుతుందో పిల్లల దుబాసీతనంలో స్పష్టంగా కనబడుతుంది. బడినుంచి వచ్చిన ఉత్తరం పిల్లవాడే చదివి చెబుతాడు. టీచరు మాటను పిల్లవాడే తల్లికి చేరవేస్తాడు. తన మీద వచ్చిన ఫిర్యాదును తానే అనువదించాల్సిన పిల్లవాడి పరిస్థితి ఆలోచించండి. నిజం చెబితే దెబ్బ తనకే, దాచిపెడితే మోసపోయేది అమ్మ. జబాల కొడుకు సత్యం చెప్పగలిగాడంటే ఆ సత్యం అతని చేతికి తల్లి ఇచ్చింది. ఇక్కడ తల్లికి చేరాల్సిన సత్యం బిడ్డ చేతిలోనే చిక్కుకుపోతోంది. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం, జాతి, పుట్టిన దేశం కారణంగా వివక్ష చూపరాదని ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలకు చెప్పింది. ఆ చట్టం ఆధారంగానే, తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వాలని, పిల్లలను దుబాసీలుగా వాడుకోరాదని 2015లో అక్కడి విద్యా, న్యాయ శాఖలు బడులకు మార్గదర్శకాలు పంపాయి. 2025లో ఆ మార్గదర్శకాలను వెనక్కి తీసుకున్నారు. చట్టం మిగిలింది, దాన్ని విడమరిచి చెప్పిన కాగితం పోయింది. 1988 నాటి జనాభా లెక్కల్లో ఒక కాగితం లేక బతుకు చెదిరినవాళ్లకు, కాగితం ఇచ్చే రక్షణ ఎంత పల్చనిదో ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఈ బాధ్యతను నేను ఉత్తర్వులకే వదిలిపెట్టను. ఉత్తర్వు ఉన్నా లేకపోయినా గురువు పాటించాల్సిన ధర్మంగా దాన్ని చూడాలి.

ఈ వాదన మీద గట్టి ఆక్షేపణలున్నాయి. మొదటిది పరిశోధకులనుంచే వస్తుంది. కీత్ రాబిన్సన్, ఏంజెల్ హ్యారిస్ 2014లో ప్రచురించిన విస్తృత పరిశీలనలో, తల్లిదండ్రుల భాగస్వామ్యంగా చెప్పుకునే పనుల్లో చాలావాటికీ పిల్లల మార్కులకూ స్పష్టమైన సంబంధం కనబడలేదన్నారు. హోంవర్క్‌లో సాయం చేయడంలాంటివి ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అలాంటప్పుడు అలసిపోయిన శరణార్థి తల్లిని బడికి రమ్మని ఎందుకు ఒత్తిడి చేయాలి? ఈ ఆక్షేపణను నేను పూర్తిగా అంగీకరిస్తాను, నా వాదనకు అది బలమే చేకూరుస్తుంది. సమావేశాలకు రావడమే భాగస్వామ్యమన్న కొలత తప్పని ఆ పరిశోధనే చెబుతోంది. ఇక మార్కుల మాటకొస్తే, తల్లి స్థానాన్ని మార్కులు పెంచే సాధనంగా లెక్కగట్టడంలోనే పొరపాటుంది. సాధనమైతే దానికంటే మెరుగైన సాధనం దొరికిననాడు పక్కన పెట్టేయవచ్చు. ట్యూషన్ వల్ల ఎక్కువ మార్కులొస్తే అమ్మ అక్కర్లేదా? జబాల పేరు చెప్పుకున్నందువల్ల సత్యకాముడికి పాఠం తొందరగా రాలేదు. పాఠం మొదలుపెట్టడానికి నిలబడే చోటు దొరికింది. విద్యార్థి ఎవరో తేలకుండా విద్య ఎవరికి చెబుతాం?

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. తల్లిదండ్రులు అప్పగించేదంతా మంచిదేనా? ల్హోత్షంపా సమాజంలో కులం ఉంది. ఆడపిల్లల పెళ్లి గురించి, చదువు గురించి పాత పట్టింపులున్నాయి. బిడ్డకు వీటినుంచి విడుదల ఇచ్చేది బడే కదా, మళ్లీ ఇంటిని తరగతిలోకి పిలవడమెందుకు అని అడిగేవాళ్లు పిల్లల మంచి కోరేవాళ్లే. జబాల కథే ఈ మచ్చను మోస్తోంది. బ్రాహ్మణుడు కానివాడు ఇలా నిజం పలకలేడని గౌతముడు అన్నట్టు ఉపనిషత్తులో ఉంది. సత్యాన్ని ఒక పుట్టుకకు కట్టేసిన ఆ మాటను ఇవాళ మనం ఒప్పుకోనక్కర్లేదు, ఒప్పుకోకూడదు కూడా. పుట్టుక ఏదో తెలియదన్న వాడిని లోపలికి రానిచ్చిన ఆయన చేత, ఆయన అన్న మాటకంటే పెద్దది. అప్పగింత అంటే ఆజ్ఞ కాదన్నది నా సమాధానం. తండ్రి ఇచ్చినదాన్ని బిడ్డ తీసుకుంటుంది, తూకం వేస్తుంది, కొంత వదిలేస్తుంది. తండ్రి చేయకుండా వదిలేసిన న్యాయాన్ని బిడ్డ పూర్తిచేయడం సంప్రత్తిలో ఉన్నదే. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 29వ అధికరణం తల్లిదండ్రుల పట్ల, సొంత భాషాసంస్కృతుల పట్ల గౌరవాన్ని విద్య లక్ష్యాల్లో చేర్చింది. స్త్రీపురుష సమానత్వాన్నీ అదే అధికరణంలో చేర్చింది. రెండింటినీ కలిపి నిలబెట్టడం కష్టమే, కానీ ఒకదాన్ని వదిలేసి మరొకటి దక్కించుకోలేం. అడిగి తెలుసుకున్న ఇంటితో బడి వాదించగలదు, ఒప్పించగలదు. అడగకుండా పక్కనపెట్టిన ఇంట్లో పాత పట్టింపు ఇంకా గట్టిపడుతుంది, ఎందుకంటే ఆ ఇంటికి తనదంటూ మిగిలింది అదొక్కటే అవుతుంది.

మూడో ఆక్షేపణ సాధ్యాసాధ్యాల గురించి. ఒక్కో బడిలో ఇరవై ముప్ఫై భాషల పిల్లలుంటే టీచరు ఏం చేయగలదు? కొత్త దేశానికి వచ్చినవాళ్లు ఆ దేశపు భాష నేర్చుకోవడం న్యాయం కాదా? న్యాయమే. తల్లిదండ్రులు కూడా నేర్చుకోవాలి, నేర్చుకోవడానికి వీలుగా పనివేళలు, తరగతులు ఉండాలి. అయితే నలభై ఏళ్లు దాటిన కూలీ ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడే రోజుకు బిడ్డ బాల్యం ఆగదు. ప్రతి భాషా టీచరుకు రానక్కర్లేదు. ఒక దుబాసీని ఏర్పాటు చేయడం, సమావేశాన్ని సెలవురోజుకు మార్చడం, నీ ఇంట్లో ఏ కథ చెబుతారో అడిగి రా అని పిల్లలకు ఒక అభ్యాసం ఇవ్వడం అసాధ్యాలు కావు. తల్లిదండ్రుల వైపు కూడా ఒక కర్తవ్యం ఉంది, దాన్ని చెప్పకపోతే వాదన ఒంటికాలిమీద నిలబడుతుంది. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు జరిగింది చెప్పరు. అవమానం గుర్తుచేసుకోవడం ఇష్టంలేక, పిల్లల మీద ఆ బరువు పెట్టడం ఇష్టంలేక మౌనంగా ఉంటారు. ఆ మౌనం వెనక ప్రేమే ఉంది. కానీ జబాలకూ చెప్పుకోలేని గతమే ఉంది, దాన్ని దాచి ఏదో ఒక గోత్రం పేరు కల్పించి చెప్పడం ఆమెకు తేలిక. ఆమె కల్పించలేదు, దాచలేదు. బిడ్డ మోయగలిగినంత నిజాన్ని బిడ్డకు ఇవ్వడం తల్లిదండ్రుల వంతు పని, దానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

అమెరికాలో వారాంతాల్లో పిల్లలకు తెలుగు నేర్పించే బడులు నడుపుకుంటున్న మనవాళ్లకు ఈ ఆరాటంలో కొంత తెలుసు. మనబడి లాంటి ఆ బడుల తరగతుల్లో అక్షరాలు దిద్దించే తల్లిదండ్రులు చేస్తున్నదీ అప్పగింతే. కానీ తేడాను మరవకూడదు. మనవాళ్లు కోరి వెళ్లారు, టీచరుతో ఇంగ్లీషులో మాట్లాడగలరు, సెలవుల్లో ఊరికి వచ్చి అమ్మమ్మను చూపించగలరు. ల్హోత్షంపా బిడ్డకు చూపించడానికి ఊరు లేదు. అమ్మమ్మ మాటల్లో ఉన్నదే వాళ్ల ఊరు. ఆ మాటల్ని వినేవాళ్లు లేకపోతే, 1989లో ప్రభుత్వాజ్ఞ మొదలుపెట్టిన పని స్వేచ్ఛ ఉన్న దేశంలో, ఎవరి ద్వేషమూ లేకుండానే, ఒక్క తరంలో పూర్తవుతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇదే. అన్యాయాన్ని కొనసాగించడానికి దుర్మార్గులు అవసరం లేదు, తీరికలేని మంచివాళ్లు చాలు.

గౌతముడు సత్యకాముణ్ణి చేర్చుకున్నాక నాలుగువందల బక్కచిక్కిన ఆవుల్ని అప్పజెప్పి అడవికి పంపుతాడు. వెయ్యి అయ్యేదాకా తిరిగిరానని శిష్యుడు ఏళ్లతరబడి అక్కడే ఉంటాడు. అతనికి బ్రహ్మజ్ఞానంలో ఒక్కో పాదం ఎద్దు, అగ్ని, హంస, ఒక నీటిపక్షి చెబుతాయి. తిరిగి వచ్చిన శిష్యుడి ముఖంలో వెలుగు చూసి, నీకెవరు బోధించారని గౌతముడు అడుగుతాడు. తన ఆశ్రమం బయట దొరికిన చదువును ఆయన చదువుగానే గుర్తించాడు, ఆ పైన తాను చెప్పవలసింది చెప్పాడు. బడినుంచి కోరేది కూడా ఇంతే: వెలుగు ఎక్కడినుంచి వచ్చిందో అడగడం, జవాబు ఏ భాషలో వచ్చినా కాదనకపోవడం. తర్వాతి ఖండాల్లో సత్యకాముడే గురువై కనబడతాడు, ఉపకోసలుడనే శిష్యుడు అతని దగ్గర చదువుకుంటాడు. అప్పటికీ ఉపనిషత్తు ఆయన్ను సత్యకామ జాబాలుడనే పిలుస్తుంది. బడి అడిగే గోత్రం చెప్పలేకపోయిన తల్లి పేరు ఇప్పుడు ఒక బడి నడిపే గురువు పేరులో ఉంది. పరాయి దేశపు తరగతి గదిలో పేరు పిలిచినప్పుడు లేచి నిలబడే బిడ్డ వెనక కూడా అలాంటి ఒక పేరుంది. దాన్ని సరిగా పలకడం నేర్చుకోవడంతో గురువు పని మొదలవుతుంది.